రెండు తలుపులూ ఒక్కసారే తెరవకూడదు

"ఏమే, రెండో తలుపు ఏసిండ్రా?"

"ఏసిండ్రు. నువ్వు పండుకో."

మా ఆయన నర్సయ్యకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మహారాష్ట్ర నాందేడ్‌లో ఒక ట్రస్టు దవాఖాన, దాని మేడమీద మగవాళ్ళ వార్డు. ఆయన ఊపిరి గొంతు దాటి లోపలికి పోవడం లేదు. కళ్ళు తెరవకుండానే అడిగాడు. నేను మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాను. మా ఇంటికి ఉన్నది ఒక్కటే తలుపు. రెండో తలుపు ఏమిటో నాకు తెలియదు. కానీ అడిగిన మనిషి నిమ్మళంగా పడుకోవాలి కదా, అందుకని వేశారనే చెప్పాను. పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఆ తలుపు ఏదో తర్వాత తెలిసింది. అదే దవాఖానలో, కింది అంతస్తులో ఉన్న కంప్యూటర్ గది లోపలి తలుపు అది. ఆయన ఆ గదిని చూసుకునే మనిషి. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. తొంభైల చివర్లో లోపలికి పోయినదాన్ని, జుట్టు పూర్తిగా తెల్లబడ్డాక బయటికి వచ్చాను.

నాకు చదువు రాదు. మరాఠీ బడికి రెండేళ్ళు పోయాను. సంతకం చేస్తాను, అంకెలు గుర్తుపడతాను, అంతే. ఇది రాస్తున్నది మా తమ్ముడి బిడ్డ సునీత. నిజామాబాదులో చదివింది కాబట్టి తెలుగు రాయగలదు. దానికిప్పుడు హైదరాబాదులో ఇలాంటి గదిలోనే కొలువు దొరికింది. దానిది కంప్యూటర్లు నడిపే పని, నాది ఊడ్చే పని, కానీ గది గదే. "అత్తా, నువ్వు చెప్పు, నేను రాస్త. నాతోని చేరేటోళ్ళకు గూడ పనికొస్తది" అన్నది. సరే, చెబుతున్నాను. ఏసీ గాలి తిని తిని నా గొంతు గరుకుబారింది. మాట కూడా గరుకుగానే వస్తుంది. ఏమీ అనుకోవద్దు.

గది

ఆ గదిలో పని మూడు మాటల్లో చెప్పొచ్చు: దుమ్ము, చల్లదనం, తలుపు.

నాందేడ్ ఎండాకాలం తెలిసినవాళ్ళకు చల్లదనం గురించి చెప్పక్కర్లేదు. దుమ్ము మాత్రం అన్ని ఊళ్ళలాంటిది కాదు. గోదావరి ఒడ్డు ఇసుక ఒకటి, పత్తి సీజన్‌లో గాలికి లేచే నూగు ఒకటి. ఆ నూగు పోయి మిషన్ల వెనుక ఫ్యాన్లకు పట్టుకుంటుంది, లోపల వేడి బయటికి రాదు. అందుకే గదికి రెండు తలుపులు, మధ్యన చెప్పులు విడిచేంత సందు. బయటి తలుపు వేశాకే లోపలి తలుపు తీయాలి. రెండూ ఒక్కసారి తెరుచుకోకూడదు. ఇంత చిన్న సంగతి. ఇది చెప్పడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది.

చేరిన కొత్తలో ఒక పెద్ద సర్జన్ ఫోన్‌లో మాట్లాడుతూ నేరుగా వచ్చేశాడు. వెనుక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి తలుపు మీద చెయ్యి వేశాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"నేను ఎవరో ఎరుకేనా బాయి?"

"ఎరుకే సార్. మీరు కడుపు కోసేటప్పుడు నేను చెప్పులేసుకొని లోపటికొస్తే ఊకుంటరా? గట్లనే ఇది గూడ. ఎనుక తలుపేసి రాండ్రి."

ఆయన పోయి వేసి వచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ తెరిచి రాలేదు. మనసులో ఏం తిట్టుకున్నాడో మాత్రం నాకు తెలియదు.

మా గదికి పెద్ద దేశ్‌పాండే సార్. నాకంటే చిన్నవాడు, నన్ను మౌషీ, అంటే పిన్నీ అనేవాడు. ఆయనా మిగతావాళ్ళూ మరాఠీలో అన్నవన్నీ నేను నా తెలుగులోనే చెబుతున్నాను. మంచి పనివాడు, కానీ తన పై సాహెబ్‌ల ముందు నోరు పెగలదు. మా దగ్గర ఎంత గట్టిగా మాట్లాడినా, ట్రస్టు సెక్రెటరీ పాటిల్ సాహెబ్ వస్తే "అవును సాహెబ్" తప్ప మాట రాదు. అలాంటి పెద్దలు మీకూ దొరుకుతారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోండి, భయం నేర్చుకోకండి.

కరెంటు మాట కూడా ఇక్కడే చెప్పాలి, తర్వాత దానితో పని పడుతుంది. ఆ రోజుల్లో లోడ్ షెడ్డింగ్ అంటే ఇప్పటి పిల్లలకు కథలాగుంటుంది. కరెంటు పోగానే బ్యాటరీలు కొంతసేపు మోసేవి, ఆలోపు జనరేటర్ అందుకోవాలి. ఒక్కోసారి అందుకునేది కాదు, మిషన్లన్నీ చచ్చి ఊరుకునేవి. కరెంటు వచ్చాక దేశ్‌పాండే సార్ స్కూటర్ మీద పరుగెత్తుకొచ్చి ఒక్కోదాన్నీ లేపేవాడు. విసిగి విసిగి చివరికి, కరెంటు రాగానే వాటంతట అవే లేచేటట్టు పెట్టాడు. ఆ రోజు నాకు పేడా మిఠాయి పెట్టి, "మౌషీ, ఇగ నా నిద్రకు ఎవడూ అడ్డం రాడు" అన్నాడు.

కనిపించని మిషన్లు

మొదట్లో ఒక్కో పనికి ఒక్కో మిషన్ ఉండేది. రోగుల చీటీలు రాసే కేస్ పేపర్‌కు ఒకటి, రక్త పరీక్షల ల్యాబ్‌కు ఒకటి, మందుల స్టోరుకు ఒకటి. తుడవడానికి వెనుకా ముందూ చోటుండేది కాదు. రెండువేలు దాటి కొన్నేళ్ళకు, కొత్తగా మూడు ఇనుప పెట్టెలు వచ్చాయి. పాతవన్నీ భంగారుకు, అంటే పాత ఇనుప సామాను కొనేవాడికి పోయాయి. నేను సార్‌ను అడిగాను.

"సార్, ల్యాబ్ మిషన్ ఏది వీట్ల?"

"ఉన్నది మౌషీ. కండ్లకు కనబడది. ఈ ఇనుము లోపట మిషన్లున్నయి. దీంట్ల నుంచి దాంట్లకు పోతయి గూడ, ఆగకుంట. పెట్టె శరీరమసుంటిది. లోపటిది ఆత్మ. ఈ శరీరం ఇడిచి ఇంకో శరీరం..."

"ఆత్మ గీత్మ అనకుండ్రి సార్. నర్సయ్య పోయిండు. యే పెట్టెలకెల్లీ లేవలే."

నేను అట్లా అనాల్సింది కాదేమో, కానీ నోరు ఊరుకోలేదు. ఆయన ఆ మాట వదిలి ఇంకోటి ఎత్తుకున్నాడు. "వాడా అనుకో మౌషీ. నాలుగు దిక్కుల అర్రలున్న పాతకాలం పెద్ద ఇల్లు. దాంట్ల కిరాయోళ్ళు ఉంటరు. గోడలు ఇనుము. ల్యాబ్ ఒక కిరాయిదారు, స్టోరు ఒక కిరాయిదారు." ఇది నాకు అర్థమైంది. మూడు పెట్టెలు మూడు వాడాలు. మూడింటికీ కలిపి పక్కన ఒక గోదాము, సామానంతా అందులోనే. ఒక వాడాకు మరమ్మతు వస్తే కిరాయివాళ్ళు పక్క వాడాలోకి పోతారు. సామాను కదలదు, మనిషి మాత్రమే గడప దాటుతాడు. అందుకే పని ఆగదు. ఇలా కలిసి బతికే పెట్టెల గుంపును క్లస్టర్ అంటారని సునీత చెబుతోంది. సార్ కూడా ఆ మాటే అనేవాడు.

ఇల్లు మారడం

ఒక వానాకాలం, పైన డ్యామ్ గేట్లు ఎత్తితే గోదావరి నీళ్ళు మా దవాఖాన మెట్ల దాకా వచ్చాయి. లోపలికి రాలేదు. కానీ ట్రస్టువాళ్ళకు గుండె జారింది. ఊరికి ఎగువన కొత్త భవనం కడుతున్నారు, ల్యాబ్ అప్పటికే అక్కడికి పోయింది. కంప్యూటర్ గది కూడా అక్కడికే అన్నారు. కొన్ని వార్డులు మాత్రం పాత భవనంలోనే ఉంటాయి, మధ్యన భూమిలో వైరు వేశారు.

కొత్త గదిలో కొత్త పెట్టెలు, కొత్త గోదాము. అదీ ఒక గుంపే, కానీ మా గుంపుకూ దానికీ చుట్టరికం లేదు. సార్ చెప్పినదేమిటంటే, ఒక వాడా నుంచి పక్క వాడాకు పోవడం వేరు, ఊరు మారడం వేరు. ఇక్కడ సామాను కూడా మోయాలి. పైగా కొత్త ఇనుము రకమే వేరు. ఈ నీళ్ళకు అలవాటైన ప్రాణం నడుస్తూ నడుస్తూ ఆ నీళ్ళలోకి పోలేదు. పడుకోబెట్టి తీసుకుపోయి అక్కడ లేపాలి.

"రెండు దిక్కుల ఒక్కసారి లేపొద్దు మౌషీ. ఇక్కడ మూసినంకనే అక్కడ తెరవాలె. నీ తలుపుల లెక్కనే."

"అయితే నన్ను గూడ తోల్కపోతరా సార్?"

ఆయన పెట్టెల వెనుక వైర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జవాబు నాకు ముందే తెలుసు. పాటిల్ సాహెబ్ వచ్చినప్పుడు నా ముందే అన్నాడు: "కొత్త గదికి కార్డు తాళం బాయి. కార్డు చూపిస్తే తెరుచుకుంటది, దానంతటదే పడ్తది. మనిషితోని పనిలేదు. ఈ ఇనుము అమ్మేదాంక నువ్వుండు. అటెన్క చూద్దాం."

చూద్దాం అంటే చూడరని ఎవరికి తెలియదు? నాకు ఆ కొలువు మీద ఎందుకంత పట్టు అంటే, అది నర్సయ్యది. ఇంట్లో ఆయన ఫోటో లేదు. ఆయన చెయ్యి ఉన్నది ఆ గదిలోనే. లోపలి తలుపు పిడి దగ్గర రంగు అరిగిన చోటు ఆయనది. దాని పక్కన నేను అరగదీసినది నాది. ఇనుము పోతే నేనూ పోతాను. ఇనుములో ఉన్నవాళ్ళకు మాత్రం కొత్త ఇల్లు దొరికింది.

దసరాకు కొన్ని రోజుల ముందు సార్ ఒక్కో కిరాయివాణ్ణీ తీసుకుపోయాడు. అన్నీ మంచిగా లేచాయి. అయితే ఆయన భయస్తుడు కదా, మొత్తం మోసుకుపోలేదు, నకలు తీసుకుపోయాడు. అక్కడ ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి అసలువాటిని ఇక్కడే పడుకోబెట్టి, పెట్టెలు ఆర్పి పెట్టాడు. వైర్లు అట్లాగే ఉంచాడు. గదిలో రోజులకు రోజులు నిశ్శబ్దం. ఏళ్ళకేళ్ళు ఆ మోత విన్నదాన్ని, చెవులు పోయాయేమో అనుకున్నాను.

ఖండే నవమి

దసరా ముందు రోజు మా దగ్గర పనిముట్లకు పూజ చేస్తారు. మరాఠీవాళ్ళు ఖండే నవమి అంటారు. రైతు నాగలికి, కంసాలి సుత్తికి, దవాఖానలో కత్తెరలకు, అంబులెన్స్‌కు, మా గదిలో మిషన్లకు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ మాత్రం బయటి తలుపు అవతలే కొట్టాలి, లోపల తడి కూడదు. ఇది నర్సయ్య పెట్టిన పద్ధతి.

ఆ పొద్దున పాటిల్ సాహెబ్ ట్రస్టువాళ్ళతో కలిసి వచ్చాడు. దేశ్‌పాండే సార్ కొత్త గది పూజలో ఉన్నాడు. సాహెబ్ దండ వేయబోయి ఆగాడు. పెట్టెలమీద ఒక్క దీపం లేదు.

"ఏంది బాయి, నవమి నాడు పనిముట్లను సచ్చినట్టు పండవెడ్తరా? చీకట్ల ఉన్నదానికి దండేస్తే అశుభం గాదా?"

"ఆపి పెట్టిండ్రు సాహెబ్. సార్‌కు ఒక్క ఫోన్ చేసి అడుగుదామా?"

"పూజకు పర్మిషన్ ఏంది? హారతి అయిపోంగనే ఆపేద్దాం."

కుంకుమ అంటిన వేలితోనే ఆయన బటన్లు నొక్కాడు. ఒకటి తర్వాత ఒకటి పచ్చ దీపాలు వచ్చాయి, ఫ్యాన్లు లేచాయి. గది మళ్ళీ మోగింది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. హారతి అయింది. ఎవరో ఫరాళానికి, అంటే పండుగ ఫలహారానికి పిలిచారు. ఆపేద్దామన్న మాట ఆ ప్లేట్లలో కలిసిపోయింది.

పాత మిషన్లలాగే ఈ పెట్టెలకూ కరెంటు వస్తే లోపలివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేచేటట్టు పెట్టాడు సార్. లేచారు. అదే పేరు, అదే చిరునామా. ఇప్పుడు ల్యాబ్‌కు కవలలు, కొత్త గదిలో ఒకటి, పాత గదిలో ఒకటి. కొత్త భవనంవాళ్ళు పిలిస్తే కొత్తది పలుకుతోంది. పాత భవనంలోని వార్డులు పిలిస్తే పక్కనే ఉన్న పాతది పలుకుతోంది. ఎవరికీ తప్పు కనిపించదు, ఎందుకంటే రెండూ సరిగ్గానే పలుకుతున్నాయి.

మధ్యాహ్నానికి కుండల్‌వాడి నుంచి జీపులో ఒక బాలింతను తెచ్చారు. దారిలోనే కాన్పయింది, రక్తం ఆగడం లేదు. పాత భవనంలోనే కాన్పుల వార్డు. రక్తం తీసి కొత్త భవనంలోని ల్యాబ్‌కు పంపారు. ల్యాబ్‌వాళ్ళు గ్రూపు చూసి ఎక్కించారు, అది కొత్త మిషన్‌కు పోయింది. వార్డులో సిస్టర్ శాంతాబాయి తెర తెరిస్తే పాతది పలికింది, అందులో ఏమీ లేదు. ఆమె ఫోన్‌లో అరుస్తుంటే కింద బయటి తలుపు దగ్గర ఉన్న నాకు వినిపించింది.

"ఇచ్చినమని మీరంటరు, నా కండ్లకు కనవడకపాయె! నేను గుడ్డిదాన్నా? బండి మీద కాయితం తీస్కొని రా, పండుగ మంచిగ జేస్కుందువు తర్వాత!"

ల్యాబ్ మనిషి స్కూటర్ మీద కాయితం తెచ్చాడు. రక్తం ఎక్కించారు. ఆ పిల్ల బతికింది, బిడ్డతో సహా ఇంటికి పోయింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళు గాబరా పడొద్దని. కానీ ఆ స్కూటర్ పంక్చరైతే ఏమయ్యేదో ఇప్పటికీ నేను ఆలోచించను.

నీలం వైర్లు

గోడ ఫోన్ మోగింది. దేశ్‌పాండే సార్.

"మౌషీ, పాత పెట్టెల మీద దీపాలు ఎలుగుతున్నయా?"

"ఎలుగుతున్నయి సార్. సాహెబ్ పూజ చేసిండు గద."

సార్ మెల్లగా అన్నాడు. "ముట్టుకోకు. ఎవర్నీ ముట్టుకోనియ్యకు. పొద్దటి నుంచి వార్డులోళ్ళు రాసినయన్ని దాంట్లనే ఉన్నయి. ఇప్పుడు ఆపితే అవి ఎవ్వరికి దొరకయి."

ఇక్కడే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. భయస్తుడే, కానీ కంగారులో చెయ్యి పెట్టే మనిషి కాదు. వార్డులన్నిటికీ ఫోన్ చేశాడు. పొద్దటి నుంచి ఏ రోగికి ఏమి రాశారో కాయితం మీద దించమన్నాడు. ఇక మిషన్‌లో ఏదీ ఎక్కించొద్దన్నాడు. నర్సులు తిట్టుకుంటూనే దించారు. పొద్దు దిగేదాకా ఆ పని సాగింది. అప్పుడు మళ్ళీ ఫోన్. మిగతావాళ్ళంతా పండుగకు పోయారు, గదిలో నేనొక్కదాన్నే.

"మౌషీ, ఎనుక నీలం వైర్లున్నయి గద, నువ్వు దుమ్ము దులుపుతవు చూడు, అవి. అన్ని పీకెయ్. అటెన్క నేను చెప్తా, బటన్లు ఎట్ల ఆపాల్నో."

వెనుకకు పోయాను. చెయ్యి వేశాను, ఆగాను. ఫోన్ దగ్గరికి తిరిగి వచ్చాను.

"సార్, ఇవి పీకితే ఇగ ఈ గదిని మల్ల లేపరు గద?"

"లేపం. రేపే గోదాము ఖాళీ చేస్త. ఇయ్యాల్టి లెక్క ఇంకోసారి కావొద్దు."

"మరి నా పని?"

"నేను సాహెబ్‌కు చెప్త మౌషీ. ఇంటడో లేదో నాకు ఎరుకలేదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె?"

పైన వార్డులో ఆ కుండల్‌వాడి పిల్ల పడుకుని ఉంది. నర్సయ్య పడుకున్న వార్డుకు పక్కదే అది. పోయి పీకాను. చిన్న క్లిప్పు నొక్కితే వచ్చేస్తాయి, ఒక్కోటి టక్కుమంటుంది. ఏళ్ళ తరబడి వాటికి తగలకుండా తుడిచిన చెయ్యి అది. సార్ చెప్పినట్టు బటన్లు ఆపాను, కుంకుమ వేలికి అంటింది. ఏసీ కూడా ఆపాను.

బయటికి వస్తూ లోపలి తలుపు వేశాను. చేత్తో నెట్టి చూశాను, వంగి సందు చూశాను, వెలుగు రావడం లేదు. అప్పుడు నర్సయ్య అడిగిన మాటకు గట్టిగానే జవాబు చెప్పాను. "ఏసిన." ఆ రోజు చూడకుండా చెప్పాను. ఈసారి చూసి చెప్పాను.

ఆ తర్వాత

నా కొలువు ఏమైందంటారా? సార్ నిజంగానే సాహెబ్‌తో మాట్లాడాడు. ఆయన జీవితంలో "కాదు సాహెబ్" అన్నది అదే మొదటిసారి అయి ఉంటుంది. ఫలితం లేదు. నన్ను బట్టల స్టోరుకు పంపించారు, దుప్పట్లు మడతపెట్టడానికి. కొన్నాళ్ళు మడతపెట్టాను.

ఇంతలో కొత్త గదిలో ఒక సంగతి బయటపడింది. ఆ కార్డు తాళానికి బ్యాటరీ కలపడం మరిచారు. కరెంటు పోతే తాళం పట్టు వదులుతుంది. మంటలప్పుడు లోపల మనిషి చిక్కుకోకూడదని అట్లా చేస్తారట. నాందేడ్‌లో కరెంటు పోని రోజు లేదు. పోయినప్పుడల్లా రెండు తలుపులూ ఒక్కసారే ఊడి తెరుచుకుని, దుమ్మంతా లోపలికి. సార్ స్టోరుకు వచ్చాడు. "మౌషీ, ఆ దుప్పట్లు ఆడ వెట్టు, రా" అన్నాడు. పోయాను. తర్వాత ఎప్పుడో బ్యాటరీ కలిపారు. అప్పటికి నన్ను తీసేయాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు నా మాట ఇది. పూజ తప్పు కాదు. నేను కొత్త గదిలోనూ ప్రతి నవమికీ చేశాను. లేవకూడనిదాన్ని లేచేటట్టు వదిలిపెట్టడం తప్పు. మీరు ఒకదాన్ని పడుకోబెట్టి పోతుంటే, దాని వైరు పీకండి. దానంతటదే లేచే అలవాటు ఉంటే మాన్పించండి. ఎందుకు ఆపారో, మళ్ళీ లేపాలంటే ఎవరిని అడగాలో తలుపు మీదే రాసి పెట్టండి, సాహెబ్‌లకు కూడా కనిపించేటట్టు పెద్ద అక్షరాలతో. సాహెబ్ చెడ్డవాడు కాదు. చీకట్లో ఉన్నదానికి దీపం పెట్టాలనుకున్నాడు. దాన్ని చీకట్లో ఎందుకు పెట్టారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆత్మల మాట నాకు తెలియదు కానీ, ఇక్కడ మూసిన తర్వాతే అక్కడ తెరవాలి. మనుషులకు అది కుదరదు. మిషన్లకు కుదురుతుంది కాబట్టి మిషన్ల దగ్గరైనా సరిగ్గా చేయండి.

ఇగ చాలు సునీతా, నా గొంతు పోతున్నది. రాసింది మొదటికెల్లి సదివి ఇనిపియ్యి బిడ్డా. గా మొదటి మాట ఆయనది, జర మెల్లగ సదువు. ఆగాగు, బయట ట్రాక్టర్ మోత ఇనవడనియ్యదు. పొయ్యి ఆ తలుపేసి రా.